ఆగలేని వాయిద్యం, ఆపుకోలేని అడుగు

సంగీతానికి ప్రాణం పోసే రెండు పనులు బ్యాగ్‌పైప్‌కి చేతకావు. గొంతు పెంచడం, తగ్గించడం ఒకటి. మధ్యలో ఆగడం రెండోది. వీణ తీగను సుతారంగా మీటితే నాదం సన్నగా వస్తుంది, గట్టిగా మీటితే ఖంగుమంటుంది. వేణువులో ఊపిరి ఆపితే నిశ్శబ్దం. స్కాట్లాండ్ పైపర్ చంకలోని సంచికి ఆ వెసులుబాటు లేదు. అందులో గాలి ఎప్పుడూ ఒకే ఒత్తిడిలో ఉండాలి. ఒత్తిడి తగ్గితే స్వరం వణికి కిందికి జారుతుంది, మరీ పెరిగితే గొట్టంలో కంపించే రీడు మూసుకుపోయి ఆ గొట్టం మూగబోతుంది. వాయించడం మొదలుపెట్టాక పాట అయిపోయేదాకా అదే బిగ్గర గొంతు, అదే ఎడతెగని నాదం.

అయినా ఈ వాయిద్యం డ్రమ్ములతో కలిసి వీధిలోకి వచ్చిందంటే చూస్తున్నవాళ్ల కాళ్లు వాటంతటవే కదులుతాయి. స్కాటిష్ రెజిమెంట్ల పాత మార్చులు స్కాట్లాండ్‌తో ఏ సంబంధమూ లేనివాళ్లకు కూడా రోమాంచం కలిగిస్తాయి. దీనికి సైనిక వైభవం, రంగురంగుల కిల్టు కారణమని చాలామంది అంటారు. నాకు అది సగం సమాధానంగానే తోస్తుంది. కళ్లు మూసుకుని విన్నా ఆ కదలిక పోదు. పైపుకున్న ఆ రెండు లోటులను పూడ్చడానికి తరతరాల పైపర్లు కనిపెట్టిన ఉపాయాల్లోనే అసలు ఆకర్షణ ఉంది.

ముందు వాయిద్యం సంగతి. పైపర్ నోటితో ఊదిన గాలి సంచిలో నిలవ ఉంటుంది. ఊపిరి తీసుకునే క్షణంలో మోచేత్తో సంచిని నొక్కుతాడు కాబట్టి నాదం తెగదు. సంచిలోంచి గాలి నాలుగు దారుల్లో బయటికి పోతుంది. ముందుకు వేలాడే చాంటర్‌లో వేళ్లతో పాట పలుకుతుంది. భుజానికి ఆన్చిన మిగతా మూడు గొట్టాలు శ్రుతి కోసం. వీటినే డ్రోన్లు అంటారు. రెండు టెనర్, ఒకటి బేస్. ఈ ఏర్పాటు మనకు పరాయిది కాదు. మేకతోలుతో చేసిన తిత్తితో శ్రుతి పట్టడం తెలుగు జానపద కళాకారులకు తెలిసిన విద్యే. కాకపోతే మన దగ్గర శ్రుతి పట్టేవారు ఒకరు, పాడేవారో వాయించేవారో మరొకరు. స్కాట్లాండ్‌లో రెండు బాధ్యతలూ ఒకే ఊపిరి మీద పడ్డాయి.

చాంటర్ మీద పలికేవి తొమ్మిది స్వరాలే. అడుగున మంద్ర నిషాదం, దాని మీద షడ్జం నుంచి పై షడ్జం దాకా ఎనిమిది. రిషభం చతుశ్శ్రుతి, గాంధారం అంతరం, మధ్యమం శుద్ధం, ధైవతం చతుశ్శ్రుతి, నిషాదం కైశికి. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఈపాటికి అర్థమై ఉంటుంది: ఇది హరికాంభోజి, 28వ మేళకర్త. వందల ఏళ్లుగా కట్టిన వేలాది మార్చులు ఈ తొమ్మిది మెట్ల మీదే ఎక్కి దిగాయి.

ఆ మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క వేసి చూస్తే ఈ వాయిద్యం గుట్టు తెలుస్తుంది. నేటి బ్యాండ్లలో చాంటర్ షడ్జం సెకనుకు 480 కంపనాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సరిగ్గా 480 అనుకుందాం. టెనర్ డ్రోన్లు ఒక స్థాయి కింద 240 దగ్గర, బేస్ డ్రోన్ రెండు స్థాయిల కింద 120 దగ్గర మోగుతాయి. ఏ గొట్టమూ ఒక్క కంపనంతో మోగదు. 120తో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇలా 240, 360, 480, 600, 720, 840, 960 కూడా ఆ నాదంలో కలిసే ఉంటాయి. వీటినే భౌతికశాస్త్రం అనుస్వరాలంటుంది. ఇప్పుడు చాంటర్ వైపు చూడండి. షడ్జం 480. గాంధారం 600. పంచమం 720. నేటి బ్యాండ్లు ఎక్కువగా పెట్టుకునే పద్ధతిలో పై నిషాదం 840. పై షడ్జం 960. బేస్ డ్రోన్‌లో 4వ అనుస్వరం నుంచి 8వ దాకా వరసగా ఉన్నవి ఇవే. అంటే పైపర్ వేలెత్తి గాంధారం పలికించినప్పుడు, అప్పటికే శ్రుతిలో అణగి ఉన్న గాంధారం గొంతు విప్పుతుంది. తంబురా శ్రుతి బాగా కుదిరినప్పుడు అందులో మీటని గాంధారం వినబడుతుందని మన విద్వాంసులు చెప్పేదీ ఈ అనుస్వరాన్నే.

పియానోలో ఇది సాధ్యం కాదు. పియానో స్వరస్థానాలు అన్ని శ్రుతులకూ సరిపోయేలా సమానంగా పంచినవి. 480 షడ్జమైతే పియానో గాంధారం 600 దగ్గర కాకుండా దాదాపు 605 దగ్గర పడుతుంది. ఎడతెగని డ్రోన్ పక్కన దాన్ని పలికిస్తే సెకనుకు ఐదు సార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. ఇవే విస్పందనాలు. పై నిషాదం దగ్గర తేడా ఇంకా ఎక్కువ: పియానోలో 855, డ్రోన్ కోరేది 840. అందుకే ఆర్కెస్ట్రాతో వాయించేటప్పుడు పైపులు శ్రుతి తప్పినట్టు అనిపిస్తాయి. పైపులు తప్పడం లేదు. అవి తమ డ్రోన్‌కు కట్టుబడి ఉన్నాయి.

పదిహేను, ఇరవై మంది పైపర్లు కలిసి వాయిస్తే ఈ విషయం ప్రాణసంకటమవుతుంది. ఇరవై చాంటర్లు, అరవై డ్రోన్లు. ఒక్క డ్రోన్ ఒక్క కంపనం తేడాతో మోగినా సెకనుకోసారి గాలిలో అల లేస్తుంది. అందుకే బ్యాండు నాయకుడైన పైప్ మేజర్ ప్రదర్శనకు ముందు గంటల తరబడి ఒక్కొక్కరి దగ్గరా నిలబడి డ్రోన్ల కీళ్లు పైకీ కిందికీ జరుపుతాడు, చాంటర్ రంధ్రాల అంచున సన్నని టేపు అంటించి స్వరాన్ని వెంట్రుకవాసి దించుతాడు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి స్వరం పైకి పోతుంది కాబట్టి మబ్బు తొలగి ఎండ వచ్చినా మళ్లీ మొదలు. అన్నీ కుదిరిన క్షణంలో అరవై గొట్టాలు ఒక్కటిగా వినిపిస్తాయి. ఆ నాదం గోడలా నిలబడుతుంది. మార్చ్ వినేవారికి మొదట తగిలేది పాట కాదు, ఈ గోడ.

శ్రుతి ఎప్పుడూ ఇంత పైన లేదు. స్వరాల మధ్య దూరాన్ని కొలిచే సెంట్ అనే కొలమానాన్ని తెచ్చిన అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రపంచ దేశాల స్వరస్థానాల గురించి రాసినప్పుడు ఒక బ్యాగ్‌పైప్‌ను కూడా కొలిచాడు. దాని షడ్జం 440 దరిదాపుల్లో ఉంది. బ్యాండ్ల మధ్య పోటీలు పెరిగేకొద్దీ, మెరుపు కోసం రీడులు, చాంటర్లు మారి శ్రుతి మెల్లగా పైకి ఎక్కింది. విక్టోరియా కాలం సైనికులు విన్న మార్చులు ఇప్పటికంటే కాస్త బరువైన గొంతుతో ఉండేవి.

ఇక బిగ్గరతనం. పైపు దగ్గర నిలబడితే ధ్వని 100 డెసిబెల్స్ దాటుతుంది. అంకె ఒక్కటే అసలు విషయం కాదు. చాంటర్ లోపలి రంధ్రం శంకువు ఆకారంలో ఉండటం వల్ల సరి, బేసి అనుస్వరాలు రెండూ బలంగా పుడతాయి. వాటిలో చాలాభాగం సెకనుకు 1000 నుంచి 4000 కంపనాల మధ్య పడుతుంది. మనిషి చెవికి అత్యంత సున్నితమైన ప్రాంతం అదే, చెవి నాళం పొడవే అక్కడ అనునాదం కలిగిస్తుంది. డ్రోన్ల విశేషం పొడవులో ఉంది. అవి స్తూపాకారపు గొట్టాలు, ఒక చివర రీడుతో మూసినట్టే. అలాంటి గొట్టానికి తరంగంలో పావు వంతు పొడవు చాలు. అందుకే మీటరు కూడా లేని బేస్ డ్రోన్ దాదాపు మూడు మీటర్ల తరంగాన్ని పుట్టించగలుగుతుంది. కింద గంభీరం, పైన చురుకు. ఆరుబయట, గాలిలో, బూట్ల చప్పుడులో, ఫిరంగుల మోతలో కూడా ఈ ధ్వని చెవిని చేరడానికి ఇదే కారణం.

అసలు ఇబ్బంది ఇప్పుడు మొదలవుతుంది. ఆగలేని వాయిద్యంలో ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించడం ఎలా? పంచమం, పంచమం అని వాయిస్తే వినిపించేది ఒక పొడవాటి పంచమమే. మధ్యలో ఊపిరితో కోయడం కుదరదు. పైపర్లు వేలితో కోశారు. రెండు పంచమాల మధ్య కన్ను మూసి తెరిచేంత సేపు కూడా పట్టని పై స్వరాన్ని తాకి వస్తారు. చెవి ఆ చిన్న స్వరాన్ని స్వరంగా వినదు, విరుపుగా వింటుంది. దీన్ని గ్రేస్ నోట్ అంటారు. జంట స్వరాల్లో రెండోదాన్ని పక్క స్వరంతో తాకి నొక్కి పలికే మన స్ఫురితం కూడా ఈ ఇంటి బిడ్డే. ఒక్క గ్రేస్ నోట్‌తో మొదలైన ఈ విద్య క్రమంగా పెద్ద కుటుంబమైంది. రెండు మూడు తాకిళ్లు కలిపిన డబ్లింగులు, మంద్ర నిషాదంలోకి దిగి లేచే గ్రిప్పులు, నాలుగు తాకిళ్ల టోర్లువా, చిటికెన వేలిని రంధ్రం మీద రెండుసార్లు రాసి పుట్టించే బిర్ల్. పైపు సంగీతం రాసిన కాగితం చూస్తే పెద్ద స్వరాల కంటే ఈ చిన్నవే ఎక్కువ కనిపిస్తాయి.

వీటిని అలంకారాలని పుస్తకాలు అంటాయి. నేను ఒప్పుకోలేను. అలంకారం తీసేస్తే మనిషి మిగులుతాడు, గ్రేస్ నోట్లు తీసేస్తే మార్చ్ మిగలదు. అడుగు ఎక్కడ పడాలో చెప్పేది అవే. గొంతు పెంచి నొక్కి చెప్పలేని వాయిద్యం, అడుగు పడే చోట తాకిళ్ల గుత్తి పెట్టి నొక్కి చెబుతుంది. ఇరవై మంది పైపర్ల ఇరవై వేళ్లు ఒకే క్షణంలో లేచి పడినప్పుడు వినిపించే ఆ చిటపట, డ్రమ్ము దెబ్బకు ఏమాత్రం తీసిపోదు.

గొంతు తగ్గించలేకపోవడానికి విరుగుడు కాలంలో దొరికింది. పక్కపక్కనే ఉన్న రెండు సమాన స్వరాలను సమానంగా వాయించరు. ఒకదాన్ని సాగదీసి, రెండోదాన్ని కత్తిరిస్తారు. సాగిన స్వరం పెద్దదిగా, తెగిన స్వరం చిన్నదిగా వినిపిస్తుంది. శబ్దం మారలేదు, వ్యవధి మారింది, కానీ చెవి దాన్ని బరువుగానే లెక్కకడుతుంది. ఎంత సాగదీయాలి, ఎంత కత్తిరించాలి అన్నది కాగితం మీద ఉండదు. గురువు నోటి నుంచి, వేళ్ల నుంచి నేర్చుకోవాల్సిందే. మంచి పైపర్‌కీ మామూలు పైపర్‌కీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

మూడో ఉపాయం రాగంలో ఉంది. చాలా పాత మార్చులు ఒక పాదంలో షడ్జం చుట్టూ తిరిగి, తరవాతి పాదంలో ఒక మెట్టు దిగి నిషాదం చుట్టూ తిరుగుతాయి. డ్రోన్ మాత్రం షడ్జం వదలదు. మంద్ర నిషాదం 420 దగ్గర, డ్రోన్ అనుస్వరం 480 దగ్గర. రెండూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడి ఒకటి రెండు అడుగులపాటు చెవిని బిగబట్టి ఉంచి, పాట షడ్జానికి తిరిగి రాగానే వదిలేస్తుంది. బిగింపు, సడలింపు, మళ్లీ బిగింపు. నడకలో ఒక కాలు బరువు మోసి ఇంకో కాలికి అప్పగించడం ఇలాగే కదా సాగుతుంది.

గొంతు పెంచి తగ్గించే పనిని బ్యాండులో డ్రమ్ములు తీసుకున్నాయి. స్నేర్ డ్రమ్ములు గుసగుసలాడినంత మెల్లగా మొదలై ఉరుము స్థాయికి పెరిగి, పాదం చివర మళ్లీ తగ్గుతాయి. పైపులు ఒకే స్థాయిలో ఉన్నా, మొత్తం బ్యాండు శ్వాసిస్తున్నట్టు మనకు అనిపించడానికి కారణం ఇదే. బ్యాండు మొదలయ్యే తీరులోనూ డ్రమ్ముది కీలక పాత్ర. మూడేసి అడుగుల రోల్స్ రెండు మోగుతాయి. ఆ కొన్ని సెకన్లలోనే పైపర్లు సంచిని ఒత్తి డ్రోన్లను ఒక్కసారిగా మేల్కొలపాలి, ఆ వెంటనే పాట అందుకోవాలి. ఆ ఆరంభం శుభ్రంగా కుదరడానికి బ్యాండ్లు పడే శ్రమ బయటివారికి తెలియదు.

ఇప్పుడు వినేవాడి ఒంట్లోకి వెళ్దాం. మనుషుల రోజువారీ కదలికలను గంటల తరబడి నమోదు చేసిన ఒక పరిశోధన 2005లో వెలువడింది. ఎత్తు, బరువు, వయసు ఏవైనా, మనిషి కదలిక సెకనుకు రెండు కంపనాల దగ్గర, అంటే నిమిషానికి 120 అడుగుల దగ్గర కేంద్రీకృతమై ఉందని తేలింది. సైనిక మార్చుల వేగం దానికి దగ్గరగా, కాస్త కిందుగా ఉంటుంది. డ్రిల్లు పుస్తకాలు రాసినవారికి మెదడు గురించి తెలియకపోయినా కాళ్ల గురించి బాగా తెలుసు.

దరువు స్పష్టంగా ఉన్న లయ వింటే, వేలు కూడా కదపకుండా కూర్చున్నవారి మెదడులో సైతం కదలికను నడిపే భాగాలు చురుకవుతాయని 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ చూపించారు. వినడమే సగం నడవడం. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వారు 2013లో ప్రచురించిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. నిమిషానికి సరిగ్గా 130 దరువులున్న రకరకాల పాటలు వినిపిస్తూ మనుషులను నడిపించారు. దరువు ఒకటే కాబట్టి అడుగుల సంఖ్యా ఒకటే. కానీ కొన్ని పాటలకు అడుగు పొడవు పెరిగింది, కొన్నింటికి తగ్గింది. అంటే వేగం ఒకటే అయినా, దరువుల మధ్య ఏం జరుగుతుందన్నది మనిషి ఎంత దూరం పోతాడో నిర్ణయిస్తుంది. పైపర్లు సాగదీసి కత్తిరించేది సరిగ్గా ఆ మధ్య జాగానే. పైపు మార్చ్‌కీ మెట్రోనోమ్‌కీ తేడా అదే.

అందుకే మార్చుల్లో ఇన్ని తాళాలు పుట్టాయి. 2/4లో చురుకు, పదును. 4/4లో నిండు నడక. 6/8లో ప్రతి అడుగూ మూడుగా విరుగుతుంది, మన తిశ్రనడ లాగే, దాంతో నడకకు ఊపు వస్తుంది. స్కాట్లాండ్ కొండసీమ రెజిమెంటైన గోర్డన్ హైలాండర్ల "కాక్ ఓ ద నార్త్" ఆ కోవదే. కాని నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది 3/4 మార్చ్. మనిషికి కాళ్లు రెండు, తాళానికి దరువులు మూడు. అడుగుకో దరువు చొప్పున నడిస్తే బరువు దరువు ఒకసారి ఎడమ కాలి మీద, మరోసారి కుడి కాలి మీద పడుతుంది. రెండు కాళ్లూ వంతులవారీగా పాటను మోస్తాయి. ఇలాంటివి ఎక్కువగా రిట్రీట్ మార్చులు. రిట్రీట్ అంటే ఇక్కడ యుద్ధంలో వెనక్కి తగ్గడం కాదు, సాయంత్రం సైనిక శిబిరంలో రోజు ముగిసిందని చాటే కార్యక్రమం. ఢిల్లీలో ఏటా జనవరి 29న మనం చూసే బీటింగ్ రిట్రీట్ ఆ సంప్రదాయమే, అక్కడ మన సైన్యపు పైపులు, డ్రమ్ములు ఇప్పటికీ నడుస్తాయి.

మార్చ్ నిర్మాణం కూడా దారి కొలతే. సాధారణంగా ఒక్కో భాగానికి ఎనిమిది బార్లు (తాళావర్తనాలు), ప్రతి భాగమూ రెండుసార్లు. నాలుగు భాగాల 2/4 మార్చ్ తీసుకుంటే 64 బార్లు, బార్‌కు రెండడుగుల చొప్పున 128 అడుగులు. బ్రిటిష్ సైన్యపు అడుగు 30 అంగుళాలు. అంటే పాట ఒకసారి పూర్తయ్యేసరికి పటాలం దాదాపు 98 మీటర్లు సాగుతుంది. నిమిషానికి 112 అడుగుల వేగంతో అయితే ఒక నిమిషం తొమ్మిది సెకన్లు. పాట పదిసార్లు తిరిగితే దాదాపు కిలోమీటరు. అలసిన సైనికుడికి కిలోమీటరు రాయి కంటే పాట తిరిగి మొదటికి రావడం ఎక్కువ ఊరట.

పొడవాటి వరసలో ఒక చిక్కుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. డ్రమ్ముకు 30 మీటర్ల వెనక ఉన్నవాడికి దెబ్బ సెకనులో దాదాపు 11వ వంతు ఆలస్యంగా వినిపిస్తుంది, అంటే ఒక అడుగు వ్యవధిలో ఆరోవంతు. చెవిని నమ్ముకుంటే వరస వెనక్కి పోయేకొద్దీ అడుగులు తరంగంలా తప్పుతాయి. అనేక బ్యాండ్లు కలిసి నడిచే సందర్భాల్లో అనుభవజ్ఞులు చెవి కంటే ముందున్నవారి కాళ్లనే ఎక్కువ నమ్ముతారు.

సైన్యంలో పైపు స్థానం మొదటినుంచీ ఇలా లేదు. బ్రిటిష్ రాజు మీద లేచిన 1745 జాకోబైట్ తిరుగుబాటు అణచివేత తరవాత జేమ్స్ రీడ్ అనే పైపర్‌ను 1746 నవంబరులో యార్క్‌లో ఉరితీశారు. ఆయుధం పట్టలేదన్న అతని వాదనకు, హైలాండ్ పటాలం పైపు లేకుండా కదలదు కాబట్టి అదీ యుద్ధ సాధనమే అన్నది న్యాయస్థానం జవాబు. ఆ కాలపు నిషేధ చట్టం పైపును నిషేధించిందని తరచూ చదువుతుంటాం, ఆ చట్టంలో పైపు పేరు లేదు. తరవాత వచ్చిన హైలాండ్ రెజిమెంట్లలో పైపర్లను అధికారులు సొంత ఖర్చుతో, తరచూ డ్రమ్మర్ల లెక్కలో చూపి పోషించారు. 1854లోగాని ప్రతి హైలాండ్ రెజిమెంటుకూ ఒక పైప్ మేజర్‌ను, ఐదుగురు పైపర్లను సైన్యం అధికారికంగా అనుమతించలేదు. పైపులు, డ్రమ్ములు కలిసి బ్యాండుగా స్థిరపడింది ఆ శతాబ్దపు రెండో సగంలోనే. మనం పురాతనమనుకునే ఈ ధ్వని అంత పాతదేమీ కాదు.

ఆ రెజిమెంట్లు మన నేల మీద కూడా నడిచాయి. 1803లో అస్సాయే యుద్ధంలో 74వ, 78వ హైలాండర్లు ఉన్నారు. 1857లో లక్నో మీదికి వెళ్లినవారిలో 78వ, 93వ హైలాండర్లు ఉన్నారు. ఈ రాగాల అందం చెప్పేవాళ్లు అవి ఎవరి మీదికి నడిచాయో కూడా గుర్తుపెట్టుకోవాలి. అందాన్ని అది తగ్గించదు, కాని దాన్ని అమాయకంగా ఉండనివ్వదు.

పాటలు సామ్రాజ్యపు దారుల వెంటే పుట్టాయి. కట్టినవాళ్లు ఎక్కువగా ఆ పటాలాల్లోని పైపర్లే. 1848లో 79వ కామెరాన్ హైలాండర్లు జిబ్రాల్టర్ విడిచిపెట్టినప్పుడు పైప్ మేజర్ జాన్ మెక్‌డొనాల్డ్ వీడ్కోలు మార్చ్ కట్టాడు. ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలకు మొదట నేర్పే పాటల్లో అది ఒకటి. "ద బ్యారెన్ రాక్స్ ఆఫ్ ఏడెన్" 78వ హైలాండర్ల జేమ్స్ మాక్లైన్‌ది. క్రిమియా యుద్ధంలో 93వ హైలాండర్ల జాన్ మెక్లియడ్ సార్డీనియా సైనిక బ్యాండు వాయిస్తున్న ఒక రాగం విని పైపుకు ఎక్కించాడు. దాని మూలం రోసీని 1829 నాటి "విలియం టెల్" ఒపేరా. "ద గ్రీన్ హిల్స్ ఆఫ్ టిరోల్" అనే ఆ రిట్రీట్ మార్చ్ నేడు స్కాట్లాండ్ ఆత్మ అనిపించేంత సొంతమైపోయింది. ఇటలీ స్వరకర్త స్విట్జర్లాండ్ వీరుడి కథకు కట్టిన రాగం, క్రిమియా తీరంలో చెవినపడి, తొమ్మిది స్వరాల ఇరుకులో ఒదిగి కొత్త పుట్టుక పుట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధపు పాటలు ఇంకా లోతైనవి. గోర్డన్ హైలాండర్ల జేమ్స్ రాబర్ట్‌సన్ 1915లో జర్మనీ చెరలో ఉండి "ఫేర్‌వెల్ టు ద క్రీక్స్" కట్టాడు. "ద బ్యాటిల్ ఆఫ్ ద సోమ్" కట్టిన విలియం లారీ ఆ 1916వ సంవత్సరం దాటి బతకలేదు. అది 9/8 రిట్రీట్ మార్చ్. ఘోరమైన యుద్ధం పేరు పెట్టుకున్న ఆ పాటలో ఆర్భాటం లేదు, ఊయల ఊగినట్టు మెల్లగా సాగుతుంది. ఎక్కడ ఎవరు చనిపోయారో తెలియనివాళ్లకు కూడా అది విన్నప్పుడు గొంతు పట్టేస్తుంది. విషాదాన్ని స్వరం తగ్గించి చెప్పే అవకాశం పైపుకు లేదు. పూర్తి గొంతుతోనే చెప్పాలి. నిలువెత్తు మనిషి తల వంచకుండా ఏడ్చినట్టుంటుంది.

1915 సెప్టెంబరులో లూస్ దగ్గర విషవాయువులో తడబడుతున్న సైనికుల ముందు, కందకం గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ డేనియల్ లెయిడ్లా వాయించాడు. గాయపడ్డా ఆపలేదు. విక్టోరియా క్రాస్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న నార్మండీ తీరంలో బిల్ మిల్లిన్ వాయించాడు. వీళ్లిద్దరి పేర్లూ నిలిచాయి. ఆ యుద్ధాల్లో ఆయుధం లేని చేతులతో ముందు నడిచి పడిపోయిన మిగతా పైపర్ల పేర్లు పటాలాల రికార్డుల్లో మిగిలాయి.

ఒక ధ్వని మనుషులను అంత దూరం ఎలా తీసుకెళ్లగలదు? చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1941లో టెక్సస్ శిక్షణ శిబిరంలో గంటలకొద్దీ కవాతు చేసిన తన అనుభవం నుంచే ఈ ప్రశ్న వేసుకున్నాడు. కలిసి అడుగు వేస్తున్నప్పుడు తన ఒళ్లు విశాలమైనట్టు అనిపించిందని గుర్తుచేసుకుని, 1995లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. 2009లో స్కాట్ విల్టర్‌మత్, చిప్ హీత్ దీన్ని పరీక్షకు పెట్టారు. కాలు కలిపి నడిచిన బృందాలు, తోచినట్టు నడిచిన బృందాల కంటే ఆ తరవాతి ఆటల్లో ఒకరికొకరు ఎక్కువ సహకరించుకున్నాయి. 2014లో డేనియల్ ఫెస్లర్, కాలిన్ హోల్‌బ్రూక్ మరో కోణం చూపారు. తోడుతో కాలు కలిపి నడిచిన మగవాళ్లు, కోపంగా ఉన్న ఒక ముఖం ఫొటో చూసి అతని ఒడ్డూ పొడుగూ తక్కువగా అంచనా వేశారు. శత్రువు చిన్నవాడిగా కనిపించాడు. సైన్యాలకు ఈ సంగతి శతాబ్దాల ముందే అనుభవంలో ఉంది. మనల్ని కలిపే లయే మనల్ని ప్రమాదం వైపు కూడా నిర్భయంగా నడిపించగలదని ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరుగుతాయి. అక్కడి మొదటి శ్రేణి బ్యాండ్ల నైపుణ్యం అపారం. కాని వాళ్ల పోటీ మార్చుకు అడుగు కలిపి నడవడం కష్టం. తాకిళ్ల గుత్తులన్నీ స్పష్టంగా వినిపించాలని వేగం తగ్గించారు, బ్యాండు గుండ్రంగా నిలబడి లోపలికి చూస్తూ వాయిస్తుంది. అది వినదగిన కళ, సందేహం లేదు. అయినా నా మనసు వీధి మార్చుల వైపే మొగ్గుతుంది. రెండు భాగాలో నాలుగు భాగాలో ఉండే, బూట్ల కింద నలిగి నునుపు తేలిన సాదా రాగాలవి. వాటిలో ప్రతి తాకిడీ ఒక అడుగు కోసం ఉంది. ఊరి పండగల్లో, స్మారక దినాల్లో, ఎడిన్‌బర్గ్ కోట ముందు 1950 నుంచి జరుగుతున్న మిలిటరీ టాటూలో అవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

దూరపు కవాతు ముగించుకుని పటాలం బారకాసుల గేటు దాటేటప్పుడు వాయించే మార్చ్ ఒకటుంది, "ద బ్లాక్ బేర్". 2/4, మామూలుకంటే చురుకైన వేగం. రోజంతా నడిచిన కాళ్లకు ఆ పాట వినిపిస్తే ఇల్లు వచ్చినట్టే. అందులో కొన్ని చోట్ల స్వరం ఒక దరువు సేపు నిలబడుతుంది. పైపుకు ఆగడం చేతకాదు కాబట్టి ఆ జాగా నిశ్శబ్దంగా ఉండదు. సైనికులు దాన్ని తమకు వదిలిన చోటుగా తీసుకున్నారు. ఆ దరువు మీద పటాలం మొత్తం ఒక్క గొంతుతో కేక పెడుతుంది, అందరి కాలూ ఒకేసారి నేలను తంతుంది, పాట మళ్లీ అందుకుంటుంది.